క్లిప్‌లెస్ తీసేసి ఫ్లాట్ పెడల్స్ వేసుకున్నా, వెనక్కి పోయినట్టేనా?

చెల్కబాట:
మూడేళ్ళు ఎస్‌పీడీ (బూటు కింద ఉండే క్లీట్ అనే చిన్న లోహపు ముక్క పెడల్‌లో బిగిసిపోయే షిమానో క్లిప్‌లెస్ రకం) తొక్కి పోయిన నెల తీసేశాను. కారణం చెప్తే నవ్వుతారు. మడికొండ మెట్టుగుట్ట పక్కన మొరం దారి ఎక్కుతుంటే ముందు చక్రం రాయికి తగిలి బండి ఆగిపోయింది, బూటు ఊడాలంటే మడమ బయటికి తిప్పాలన్న సంగతి బుర్రకు తట్టేలోపే నరికిన చెట్టులా పక్కకు ఒరిగిపోయాను. స్పీడు సున్నా. మోచేయి వాచింది. అక్కడ మేకలు కాసే పెద్దాయన వచ్చి లేపి, "కాళ్ళు కట్టేసుకొని సైకిల్ ఎందుకు తొక్కుతున్నవ్ బిడ్డా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బూటును బిగించని, కాలు జారకుండా పైన చిన్న పిన్నులున్న ఫ్లాట్స్ వేశాను. మావాళ్ళేమో మళ్ళీ ఒకటో క్లాసుకు పోయినట్టే అంటున్నారు. మీరేమంటారు?

గేర్11:
తమ్మీ, నువ్వు పడ్డది పెడల్ వల్ల కాదు, సెట్టింగ్ వల్ల. పెడల్ మీద బిగింపు (టెన్షన్) తగ్గించే స్క్రూ ఉంటుంది, చిన్న ఆలెన్ కీతో రెండు నిమిషాల పని, ఎప్పుడైనా తిప్పావా? షిమానో పెడల్స్‌తో మామూలుగా వచ్చే ఎస్‌హెచ్51 క్లీట్ మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 కొనుక్కో, కాలు పైకి, పక్కకు లాగినా వదిలేస్తుంది. ఫ్లాట్స్ ఒక సీజన్ నేనూ వాడాను. బండల మీద దిగుతుంటే కాలు ఎగిరింది, పెడల్ గిర్రున తిరిగొచ్చి పిన్నులు మోకాలి కింద ఎముకను గీరేశాయి. ఏడు కుట్లు. నీ మోచేయి వాపు వారంలో పోతుంది, నా మచ్చ ఇంకా ఉంది. మౌంటెన్ బైక్ ప్రపంచ కప్ క్రాస్ కంట్రీ రేసు చూడు, దాదాపు అందరూ క్లిప్‌లెస్సే. వాళ్ళంతా పిచ్చోళ్ళా?

రేగడిమట్టి:
గేర్ అన్నా, ప్రపంచ కప్ వాళ్ళు పత్తి చేన్ల మధ్య బండి బాటలో తొక్కరు కదా. మా పరకాల వైపు నల్లరేగడి, ఒక్క వాన పడితే చాలు. దిగి పది అడుగులు నడిస్తే బూటు కింద రొట్టెంత మట్టి, క్లీట్ ఎక్కడుందో కనపడదు. పుల్లతో గీకాలి, ఎక్కాలి, మళ్ళీ దిగాలి. ఇంక కుక్కలు. ఊరి చివర నాలుగు కుక్కలు వెంటపడితే కాలు కింద పెట్టి ఆగి, సైకిల్ అడ్డం పెట్టుకోవడమే మార్గం, అప్పుడు "ముందు మడమ తిప్పు" అని ఎవడికి గుర్తుంటుంది? మన దారుల్లో గంటకు ఇరవైసార్లు దిగాల్సిందే.

గేర్11:
కుక్కల సంగతి ఒప్పుకుంటా. రేగడి కూడా సరే, కానీ వానాకాలం మూడు నెలలే కదా. ఎక్కుడులో కాలు పైకి లాగితే వచ్చే పవర్ సంగతేంటి?

పాతసైకిల్:
ఆ పవర్ కథ నాకు బాగా తెలుసు, నేనూ చాలామందికి చెప్పాను. అసలు బలమంతా తొక్కినప్పుడే వస్తుంది. పైకి వచ్చే కాలు తన బరువు తను ఎత్తుకొని రెండో కాలికి అడ్డం పడకపోతే చాలు. కావాలని లాగుతూ తొక్కితే ఆయాసం ఇంకా ఎక్కువ. క్లిప్‌లెస్ పుట్టింది కూడా రోడ్డు రేసుల కోసమే. పూర్వం పాదం ముందు తొడుగు, దానికి తోలు పట్టీ ఉండేవి, ఆ తొడుగు పేరే క్లిప్. అది తీసేశారు కాబట్టి క్లిప్‌లెస్ అన్నారు, లోపల మాత్రం టక్కున బిగిస్తుంది, పేరుకూ పనికీ పొంతన లేదు. 1984లో లుక్ కంపెనీ తెచ్చింది, మరుసటేడు ఫ్రాన్స్ రేసరు బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. మట్టిదారిలో నడవడానికి వీలుగా చిన్న క్లీట్‌తో షిమానో ఎస్‌పీడీ తెచ్చింది 1990లో.

చెల్కబాట:
అందరికీ థ్యాంక్స్. నాకు అసలు షాక్ కుక్కలూ రేగడీ కాదు. మూడేళ్ళుగా నాకు బన్నీహాప్ (రెండు చక్రాలూ గాల్లోకి లేపి అడ్డం దాటడం) వచ్చనుకున్నాను, వాగు దగ్గర అడ్డం పడ్డ మొద్దుల మీది నుంచి ఎగిరించేవాణ్ణి, తమ్ముళ్ళకు నేర్పాను కూడా. ఫ్లాట్స్ వేసిన మొదటి రోజు చెయ్యబోతే కాళ్ళు పైకి లేచాయి, బండి కింద ఉండిపోయింది! అంటే నేను చేసింది హాప్ కాదు, బూట్లకు అతుక్కున్న బండిని పైకి గుంజడం. ఇప్పుడు మొదటినుంచి నేర్చుకుంటున్నాను. ముందు చక్రం లేపాక కాలివేళ్ళు కిందికి వంచి, పెడల్‌ను పాదంతో వెనక్కి, పైకి ఊడ్చినట్టు నెడితేనే వెనక చక్రం లేస్తోంది. దిగుడులో మడమ కిందికి దించకపోతే కాలు జారుతోంది, క్లిప్‌లెస్‌లో ఆ తప్పు తెలిసేదే కాదు. ఇంకొకటి, ఫ్లాట్స్ మీద పాదం కొంచెం ముందుకు పెడుతున్నాం కాబట్టి సీటు కొన్ని మిల్లీమీటర్లు దించాల్సి వచ్చింది.

రేగడిమట్టి:
అదీ మాట! ఆస్ట్రేలియా రేసరు సామ్ హిల్ 2017, 2018, 2019 మూడేళ్ళు వరసగా ఎండ్యూరో వరల్డ్ సిరీస్ (మౌంటెన్ బైక్ దిగుడు రేసుల సిరీస్) గెలిచింది ఫ్లాట్ పెడల్స్ మీదే.

గేర్11:
సామ్ హిల్ చెక్క పలక మీద నిలబడి తొక్కినా గెలుస్తాడు. మనం సామ్ హిల్ కాదు తమ్మీ. నేర్చుకోవడానికి ఫ్లాట్స్ మంచివే, ఆ హాప్ ముచ్చట నన్నూ ఆలోచనలో పడేసింది, నాకూ అదే జబ్బు ఉందేమో అని డౌటు. కానీ రాళ్ళ దిగుడులో స్పీడుగా పోతున్నప్పుడు కాలు కదలకుండా ఉండటం వేరే సంగతి, అక్కడ కూడా ఫ్లాట్సే మేలంటే మాత్రం ఒప్పుకోను.

పాతసైకిల్:
వేసుకునేవాళ్ళకు ఒక మాట. స్కూల్ కాన్వాస్ బూట్లతో తొక్కొద్దు, అట్ట మెత్తగా వంగి గంటకల్లా అరికాలు మండుతుంది. బల్లపరుపు రబ్బరు అట్ట, కొంచెం గట్టిది చూసుకోండి. అల్యూమినియమే కావాలని లేదు, నైలాన్ పెడల్స్‌కు ఇనుప పిన్నులుంటే చాలు, ప్లాస్టిక్ పిన్నులు వానలో జారతాయి. మార్చేటప్పుడు ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుందని మర్చిపోవద్దు. ఒక షాపులో కుర్రాడు మామూలుగానే అనుకొని బలంకొద్దీ తిప్పి నా క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర మొత్తం తినేశాడు.

గేర్11:
చెల్కబాటా, ఆదివారం పొద్దున ఆరింటికి ఆ మొరం దారికే రా. నేను క్లిప్‌లెస్‌తో, నువ్వు ఫ్లాట్స్‌తో, తర్వాత పెడల్స్ మార్చుకొని ఇంకోసారి. నా పాదం 43, నీకు సరిపోతే బూట్లు కూడా. పెడల్స్ విప్పే 15 పానా నేను తెస్తా.

చెల్కబాట:
నాదీ 43యే. వస్తా అన్నా. నీ పాత షిన్ గార్డులుంటే తెచ్చివ్వు, ఆ ఏడు కుట్ల మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.