ఫుట్‌బాల్ ప్లేయర్ మనిషిని కొడితే కోర్టు వేసే శిక్ష సరిపోతుందా?

పెన్నాగట్టు (నెల్లూరు):

రాత్రి మా రూములో దీని మీద ఒంటిగంట దాకా వాదన, అయినా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ప్లేయర్లు ఎవరినైనా చితక్కొట్టినప్పుడు పడే శిక్షలు న్యాయమేనా? మావాడొకడు డబ్బున్నోడికి ఏ దేశంలోనైనా కోర్టు మెత్తగానే ఉంటుందంటాడు. ఇంకొకడేమో రివర్సులో, పేరున్నోళ్లు కాబట్టే వాళ్లని జైలుకు పంపారు, అదే మామూలోడైతే ఫైన్ కట్టి సాయంత్రానికి ఇంటికెళ్లేవాడు అంటాడు. ఇద్దరికీ ఉదాహరణలు దొరుకుతున్నాయి, అదీ నా టెన్షన్.

జోయీ బార్టన్‌నే తీసుకోండి. 2007 డిసెంబరులో లివర్‌పూల్ నడిబొడ్డున, తెల్లారకముందు, ఒకతన్ని కిందపడేసి పిడిగుద్దులు గుద్దాడు, ఒక కుర్రాడి పళ్లు కూడా విరిగాయి, అంతా సీసీ కెమెరాలో ఉంది. నేరం ఒప్పుకున్నాడు, ఆరు నెలల జైలు వేశారు, రెండున్నర నెలలకే బయటికొచ్చాడు. అంతకుముందు అదే ఏడాది మేలో మాంచెస్టర్ సిటీ ప్రాక్టీసులో సొంత టీమ్ మనిషి ఉస్మాన్ డాబోని కొట్టిన కేసు ఉంది కదా, దానికి నాలుగు నెలలు, అదీ సస్పెండెడ్, అంటే మళ్లీ తప్పు చేస్తే తప్ప జైలుకి పోనక్కర్లేదు. పైన 200 గంటల సమాజ సేవ, డాబోకి 3,000 పౌండ్ల పరిహారం. ప్రీమియర్ లీగ్ జీతగాడికి 3,000 పౌండ్లంటే టీ ఖర్చు కాదా?

మీరేమంటారు?

ఒంగోలు గిత్త:

బ్రో, నువ్వు బార్టన్ దగ్గరే ఆగిపోయావు, లీడ్స్ కేసు చూడు. 2000 జనవరిలో సర్ఫ్‌రాజ్ నజీబ్ అనే స్టూడెంట్‌ని వీధిలో తరిమి తరిమి కొట్టారు, కాలు విరిగింది, ముఖమంతా దెబ్బలు. లీడ్స్ యునైటెడ్ ప్లేయర్లు జొనాథన్ వుడ్‌గేట్, లీ బౌయర్ ఇద్దరి మీదా కేసు నడిచింది. మొదటి విచారణ ఒక పేపర్లో వచ్చిన ఇంటర్వ్యూ వల్ల మధ్యలోనే ఆగిపోయింది, మళ్లీ మొదటినుంచీ. చివరికి 2001 డిసెంబరులో బౌయర్ నిర్దోషి అన్నారు, వుడ్‌గేట్‌కి వీధి కొట్లాట నేరం కింద 100 గంటల సమాజ సేవ. వుడ్‌గేట్ స్నేహితుడు ఒకడికి మాత్రం ఆరేళ్లు! వాడు ప్లేయర్ కాదు లే. ఆ తర్వాత వుడ్‌గేట్ 2004లో ఎక్కడ తేలాడో తెలుసా, స్పెయిన్‌లోని పెద్ద క్లబ్బు రియల్ మాడ్రిడ్‌లో. ఇంకేం న్యాయం చెప్పు.

డబ్బుంటే మంచి లాయరు, మంచి లాయరుంటే 'మా క్లయింటు కెరీర్ పాడవుతుంది మిలార్డ్'. ఆ కాలు విరిగిన కుర్రాడికి కెరీర్ లేదా?

కావలి వకీలు:

గిత్తా, కోపంలో రెండు వేరు వేరు సంగతులు కలిపేశావు. వుడ్‌గేట్‌కి తక్కువ పడింది ప్లేయర్ అని కాదు, జ్యూరీ (అక్కడ నేరం తేల్చే మామూలు పౌరుల బృందం) అతని మీద తేల్చిన నేరమే చిన్నది. గాయపరిచిన నేరం తేలింది ఆ స్నేహితుడి మీద, అందుకే ఆరేళ్లు. నేరం ఏది రుజువైందో దానికే శిక్ష, ఊళ్లో మనమందరం ఏమనుకున్నామో దానికి కాదు. బౌయర్ విషయం కూడా పూర్తిగా చెప్పు, క్రిమినల్ కేసులో విడుదలయ్యాడు కానీ సివిల్ దావాలో 2005లో నజీబ్ అన్నదమ్ములకి 1,70,000 పౌండ్లు కట్టి రాజీ చేసుకున్నాడు, తప్పు ఒప్పుకోకుండానే.

పెన్నాగట్టు తమ్ముడు అడిగిన అసలు ప్రశ్నకి, అంటే పేరుంటే శిక్ష పెరగాలా తగ్గాలా అన్నదానికి, మాంచెస్టర్ యునైటెడ్ ప్లేయర్ ఎరిక్ కాంటోనా కేసు కన్నా మంచిది దొరకదు. 1995 జనవరి 25, లండన్‌లో సెల్‌హర్స్ట్ పార్క్ స్టేడియం. రెడ్ కార్డు పడి బయటికి పోతూ, కంచె అవతల నుంచి తిట్టిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి ఎదాన తన్నాడు. మెజిస్ట్రేటు కోర్టు రెండు వారాల జైలు వేసింది. నువ్వు పెద్ద పేరున్న మనిషివి, పిల్లలు నిన్ను చూసి నేర్చుకుంటారు అన్న ధోరణిలో. కొద్ది రోజులకే అప్పీలులో పై కోర్టు దాన్ని తీసేసి 120 గంటల సమాజ సేవ చేసింది. శిక్ష దెబ్బ తీవ్రతని బట్టి ఉండాలిగాని పేరున్నవాణ్ని లోకానికి బొమ్మగా నిలబెట్టడానికి కాదు అని. అదే తన్ను, అదే మనిషి, రెండు కోర్టులు రెండు దారులు. నాకు రెండోదే సరి అనిపిస్తుంది. (ఆ తిట్టిన ప్రేక్షకుడి మీద కూడా కేసు పడింది, తీర్పు వినగానే ప్రాసిక్యూటర్ మీదికి దూకాడు, వారం రోజుల జైలు కొని తెచ్చుకున్నాడు. అది వేరే సినిమా.)

పాత చరిత్ర మాత్రం లెక్కలోకి రావాల్సిందే. డంకన్ ఫెర్గుసన్ స్కాట్లండ్ క్లబ్బు రేంజర్స్‌లో ఉన్నప్పుడు 1994లో గ్రౌండులోనే అవతలి ప్లేయర్‌ని తలతో కుమ్మాడు, ఆ రోజు రిఫరీ కార్డు కూడా చూపలేదు. అయినా 1995లో మూడు నెలలు పడింది, 44 రోజులు బార్లినీ జైల్లో ఉన్నాడు. ఎందుకంటే అప్పటికే కొట్లాట కేసుల్లో శిక్షలు పడి ప్రొబేషన్ మీద ఉన్నాడు. బార్టన్‌ది కూడా అంతే, డాబో కేసులో బెయిల్ మీద ఉండి లివర్‌పూల్‌లో మళ్లీ కొట్టాడు. అలాంటప్పుడు జైలు కాకపోతే ఇంకేం వేస్తారు?

పీఈటీ మేడమ్, కందుకూరు:

వకీలు గారూ, మీ లెక్క కాగితం మీద బాగుంది. నేను గ్రౌండులో పిల్లలతో ఉండేదాన్ని, ఇంకోటి చెప్తాను. ప్లేయర్ ఒళ్లు మామూలు ఒళ్లు కాదు. రోజూ జిమ్ము, పరుగు, తిండి లెక్క. వాడు గుద్దిన గుద్దూ, సైకిల్ షాపు అబ్బాయి గుద్దిన గుద్దూ ఒకటేనా? పేరుని పక్కన పెట్టండి, ఆ బలాన్ని కోర్టు చూడాలా వద్దా?

ఇంకో మాట, కోర్టు శిక్షని ఒక్కదాన్నే చూస్తున్నారు మీరంతా. కాంటోనాకి పడిన అసలు దెబ్బ ఎనిమిది నెలల బ్యాన్, ఆ సీజన్లో టైటిల్ కూడా పోయింది. ఆటగాడికి అదీ నొప్పి. కాకపోతే క్లబ్బులకి ఆ పట్టింపు అన్నిసార్లూ ఉండదు, గోల్ కొట్టేవాడైతే గేటు దగ్గరే దండలేసి తీసుకుపోతారు. బార్టన్ జైలు నుంచి రాగానే మళ్లీ తన క్లబ్బు న్యూకాజిల్‌కే ఆడాడుగా.

కావలి వకీలు:

మేడమ్, మీరడిగిన పాయింటు మన సుప్రీంకోర్టే చెప్పింది. మాజీ క్రికెటర్ నవజ్యోత్ సిద్ధూ కేసు. 1988లో పాటియాలాలో రోడ్డు మీద గొడవ, 65 ఏళ్ల గుర్నామ్ సింగ్ చనిపోయారు. కింది కోర్టులో కేసు కొట్టేశారు, హైకోర్టు మూడేళ్లు వేసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని మామూలు గాయం కిందకి దించి వెయ్యి రూపాయల ఫైను వేసింది. అవును, వెయ్యి. అప్పటి ఐపీసీ 323లో ఫైనుకి గరిష్ఠం అంతే, 1860 నాటి అంకె. రివ్యూలో 2022 మేలో ఏడాది కఠిన జైలు వేశారు. కారణంగా చెప్పింది మీ మాటే: బాక్సరో, రెజ్లరో, క్రికెటరో, బాగా ఒళ్లున్న మనిషో కొడితే ఆ చెయ్యే ఆయుధం కావచ్చు అని. పేరు కాదు, ఒళ్లు. ఇది నేను వందశాతం ఒప్పుకుంటా. జరిగింది 1988లో, జైలుకెళ్లింది 2022లో, దాని గురించి నన్ను అడక్కండి.

ఫైన్ల విషయంలో మాత్రం ఇంగ్లండ్ వాళ్లు మనకన్నా నయం, అక్కడ వారం ఆదాయాన్ని బట్టి లెక్కేస్తారు. ఐపీసీ బదులు వచ్చిన మన కొత్త బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115లో వెయ్యిని పదివేలు చేశారు, కూలోడికీ పదివేలే కోటీశ్వరుడికీ పదివేలే. గిత్త కోపమంతా అక్కడ పెట్టాలి.

ఒంగోలు గిత్త:

సరే వకీలన్నా, వుడ్‌గేట్ సంగతి నువ్వన్నట్టే అనుకుందాం. కానీ జ్యూరీ ముందుకి సాక్ష్యం ఏ ఆకారంలో వస్తుందో అది కూడా డబ్బు మీదే ఉంటుంది. దాన్ని నువ్వు కాదనలేవు.

పెన్నాగట్టు:

నేను అసలు ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తా. మా పెదనాన్న కొడుకు లోకల్ టోర్నమెంట్లలో రిఫరీగా చేస్తాడు. పోయినేడాది ఒక మ్యాచ్‌లో పెనాల్టీ ఇచ్చినందుకు, బయట ఊరి నుంచి డబ్బులిచ్చి తెచ్చుకున్న ప్లేయరొకడు మోచేత్తో దవడ మీద కొట్టాడు. ముందు పన్ను సగానికి విరిగింది, విజిల్ నోట్లోనే ఉంది అప్పటికి, దాని అంచు తగిలి పెదవి కూడా చీలింది. పెద్దమనుషులు కూర్చుని, పిల్లోడి భవిష్యత్తు, సెలక్షన్లు ఉన్నాయి అని చెప్పి పన్ను కట్టించుకునే ఖర్చు ఇప్పించారు. స్టేషన్లో కాగితం రాశారు కానీ కేసు కట్టినట్టు లేదు. మా అన్న మళ్లీ విజిల్ పట్టలేదు. ఇప్పుడేమన్నా చెయ్యొచ్చా?

కావలి వకీలు:

పన్ను విరిగితే అది మామూలు గాయం కాదు తమ్ముడూ, తీవ్రమైన గాయం. ఎముకైనా పన్నైనా విరిగితే చట్టంలో ఒకటే. బీఎన్ఎస్ 117 కింద ఏడేళ్ల దాకా పడొచ్చు, పోలీసులు కేసు కట్టాల్సిందే. పెద్దమనుషుల పంచాయితీకి చట్టం దగ్గర విలువ లేదు, దాని మీద సంతకం పెట్టినా కేసు పోదు, రాజీ కావాలంటే కోర్టు అనుమతితోనే. అయితే లోక్ అదాలత్‌లో గనక రాజీ రాసుకుని ఉంటే వేరే సంగతి, దాని మీద అప్పీలు లేదు, అందుకే ఆ స్టేషన్ కాగితం ఏంటో ముందు చూడాలి. ఆ రోజు చూపించుకున్న ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాశారేమో కనుక్కో, ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయాల సర్టిఫికెట్, అక్కడి నుంచే వస్తుంది. పంటి డాక్టరు బిల్లు, ఎక్స్‌రే పారేయొద్దు. మ్యాచ్ ఎవరన్నా ఫోన్లో తీశారేమో అడుగు, ఈ కాలంలో తీయకుండా ఉండరు. అన్నీ పట్టుకుని మీ అన్ననే నా దగ్గరికి రమ్మను, నువ్వు కాదు.

పీఈటీ మేడమ్, కందుకూరు:

ఆయన్ని మళ్లీ విజిల్ పట్టమని చెప్పండి. మా మండలం ఆటల పోటీలకి రిఫరీలు దొరకడం లేదు, నిజంగా చెప్తున్నా, నంబరు ఇస్తే నేనే ఫోన్ చేస్తాను.