‘ధారపోయడం’లో నీళ్లు ఎక్కడివి?

‘జీవితాన్ని ధారపోశారు’ అని పత్రికల్లో తరచూ చదువుతాం. ఈ మాటలో నీళ్లు ఎక్కడివని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. పూర్వం నీళ్లు వదిలితేనే దానం ఇచ్చినట్టు లెక్క. బలి చక్రవర్తి కథలో శుక్రాచార్యుడు అడ్డుపడింది ఆ ధారను ఆపడానికే. వేంగీ చాళుక్యుల రాగిరేకుల్లో ‘ఉదకపూర్వకం’, తర్వాతి శాసనాల్లో ‘ధారాపూర్వకం’ అని కనిపించేదీ ఇదే. నీళ్లు పడ్డాక ఇచ్చినవారికి ఆ వస్తువు మీద హక్కు ఉండదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బర్మాలోని పగాన్ గుర్తుకొస్తుంది. అక్కడి మ్యింకబా ఊళ్లో 1113 నాటి మ్యాజేది శాసనం ఉంది. రాతికి నాలుగు ముఖాలు, ముఖానికో భాష: పాళీ, మోన్, బర్మా, ప్యూ. చదవడమే మరచిపోయిన ప్యూ భాషను బ్లాగ్డెన్ అనే పండితుడు 1911లో దీని సాయంతోనే విప్పారు.

వేయించినవాడు రాజకుమార్. అతని తల్లి త్రిలోకవతంసకాదేవి, క్యాన్‌జిత్థా రాజుకు ప్రియమైన రాణి. రాజు ఆమెకు దాసులతో సహా మూడు ఊళ్లు ఇచ్చాడు. ఆమె పోయాక ఆ ఊళ్లనూ, ఆమె నగలనూ కొడుక్కి ఇచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఏలిన రాజు మరణశయ్య మీద ఉన్నప్పుడు, తనను పెంచిన రుణం తలచుకుని రాజకుమార్ బంగారు బుద్ధ ప్రతిమ చేయించి తండ్రి దగ్గరికి తెచ్చాడు. మీరిచ్చిన మూడు ఊళ్లనూ ఈ బుద్ధుడికి ఇస్తున్నాను, సమ్మతించండి అన్నాడు. రాజు సంతోషించి, సాధు సాధు అని, పెద్ద భిక్షువుల ఎదుట నీళ్లు ధారపోశాడు.

ఇస్తున్నది కొడుకు, నీళ్లు పోసింది తండ్రి. ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడే ఆగిపోతాను. తల్లి గుర్తుగా మిగిలినదాన్ని కొడుకు వదులుకుంటుంటే, ప్రాణం పోతున్న తండ్రి చెయ్యి కలిపాడు.

మన శాసనాల్లాగే దీని చివర శాపమూ ఉంది. మన దగ్గర దానం చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపం. అక్కడ, రాబోయే మైత్రేయ బుద్ధుడి దర్శనం దొరకదు.

వ్యాఖ్య: చాలా బాగా చెప్పారండీ. ఒక సందేహం. యువరాజై ఉండి ఊళ్లు ఇచ్చేశాడంటే, సింహాసనానికి కూడా నీళ్లు వదులుకున్నట్టేనా?

జవాబు: అతను రాజకుమారుడే కానీ యువరాజు కాదమ్మా. ఈ రెండు మాటలనూ మనం కలిపేస్తున్నాం. యువరాజంటే వయసులో ఉన్న రాజకొడుకు కాదు, రాజు బతికుండగానే వారసుడిగా అభిషేకం పొందినవాడు. దశరథుడు రాముడికి తలపెట్టింది యౌవరాజ్య పట్టాభిషేకమే. పగాన్‌లో ఆ స్థానం రాజు మనవడు అలౌంగ్‌సితుది. మనవడికి మాట ఇచ్చేశాక ఈ కొడుకు సంగతి రాజుకు తెలిసిందని బర్మా రాజవంశ చరిత్రలు చెబుతాయి. శాసనంలో సింహాసనం ఊసే లేదు. ఆశకు నీళ్లు వదులుకున్నాడేమో అనవచ్చు గానీ, ధారపోశాడని మాత్రం అనకూడదు. ధారపోయాలంటే అది మన చేతిలో ఉండాలి. అతని చేతిలో ఉన్నవి ఆ మూడు ఊళ్లే.

ఇంకో మాట. బర్మాలో ఇప్పటికీ దానం చేశాక గిన్నెలోకి చుక్కచుక్కగా నీళ్లు వదులుతారు. దాన్ని ‘యేజెచ్చా’ అంటారు. యే అంటే నీళ్లు, జెచ్ అంటే బొట్టు, చా అంటే జారవిడవడం.