యెజ్డీ 250కి కొత్త బెండ్ పైపులు, సైలెన్సర్లు: బిగించినవాళ్లు చెప్పండి

గుంటూరు_రోడ్‌కింగ్:
అందరికీ నమస్కారం. నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ బైక్‌కి పాత సైలెన్సర్లు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. బెంగళూరు జేసీ రోడ్డు నుంచి బెండ్ పైపులు (సిలిండర్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే వంపు పైపులు), సైలెన్సర్లు కొత్త జత తెప్పించాను. కుడివైపు చక్కగా కూర్చుంది. ఎడమవైపు సిలిండర్ దగ్గర నట్టు పట్టిస్తే వెనక బోల్టు రంధ్రం అర అంగుళం పక్కకు పోతోంది. వెనక బోల్టు ముందు వేస్తే నట్టు థ్రెడ్ ఎక్కడం లేదు. మెకానిక్ "లాగి బిగిస్తే వచ్చేస్తుంది సార్" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

బెజవాడ_జావా:
లాగనివ్వకండి అన్నా! నట్టు వంకరగా ఎక్కితే సిలిండర్ మీది థ్రెడ్ పోతుంది. అది పోయిందంటే సిలిండర్ విప్పి లేత్ పనికి ఇవ్వాల్సిందే. ఇవాళ మంచి సిలిండర్ దొరకడం ఎంత కష్టమో మీకూ తెలుసు. ఒకవేళ ఎక్కినా, లాగిపెట్టి బిగించిన పైపు ఇంజన్ వణుకుకి ఎక్కడో ఒకచోట చీలుతుంది, ఎక్కువగా వెనక బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర.

వరస ఇలా పెట్టుకోండి. ముందు అన్నీ వదులుగా తగిలించాలి. సిలిండర్ నట్టు చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిరగాలి, స్పానర్ అప్పుడే ముట్టుకోవద్దు. చేత్తో తిరగకపోతే పైపు కోణం తప్పిందని అర్థం. తర్వాత సైలెన్సర్ ఎక్కించి, వెనక బోల్టు వదులుగా వేసి, బండి వెనక నుంచి చూసి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో సరిచూసుకోండి. అప్పుడు సిలిండర్ నట్టుతో మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. నట్టుకి సి స్పానర్ (సి అక్షరం ఆకారంలో ఉండేది) వాడాలి. ఉలి పెట్టి సుత్తితో కొడితే నట్టు రెక్కలు విరుగుతాయి. ఆటోనగర్‌లో రోజూ చూస్తూనే ఉంటాను, మనసు చివుక్కుమంటుంది.

డెక్కన్_టూస్ట్రోక్:
పైన చెప్పింది నూటికి నూరు శాతం నిజం. ఇంకో మాట. మన యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఆ తర్వాత బజారులో "కంపెనీ మాల్" అని అమ్మేది ఎక్కడో మిగిలిన పాత స్టాక్ అయినా అయ్యుండాలి, లేదా రెప్లికా (బయటివాళ్లు చేసిన నకలు). రెప్లికాల్లో వంపు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పాత పైపునీ కొత్త పైపునీ నేల మీద పక్కపక్కన పెట్టి చూడండి. కుడి పైపు, ఎడమ పైపు వేరువేరు, కొన్నిసార్లు షాపువాళ్లే ఒకే వైపువి రెండు కట్టేస్తారు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు: "జావా సైలెన్సర్" అని వెతికితే 2018 తర్వాత వచ్చిన కొత్త జావావి కూడా చూపిస్తుంది. అవి ఫోర్ స్ట్రోక్ బళ్లవి, మన టూ స్ట్రోక్ బళ్లకి పనికిరావు.

తిరుపతి_బి_టైప్:
పైపుదే తప్పు అనుకునే ముందు ఫ్రేము వైపు చూడండి. నలభై ఏళ్ల బండి ఎప్పుడో ఒకప్పుడు ఎడమవైపు పడే ఉంటుంది. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర సైలెన్సర్ పట్టుకునే బ్రాకెట్ లోపలికి వంగితే సరిగ్గా మీరు చెప్పినట్టే రంధ్రం పక్కకు పోతుంది. రెండు వైపులా ఫ్రేము నడిమధ్య నుంచి టేపుతో కొలిస్తే తేలిపోతుంది.

గుంటూరు_రోడ్‌కింగ్:
తిరుపతి అన్నగారూ, మీరన్నదే! ఎడమ బ్రాకెట్ లోపలికి వంగి ఉంది. పాత సైలెన్సర్‌కి ఎవరో రంధ్రాన్ని పొడుగ్గా కోసి సర్దేశారు, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. వెల్డింగ్ షాపులో వేడిచేసి నిటారుగా చేయించాను. ఇప్పుడు బోల్టు వేలితో తోస్తేనే దూరుతోంది.

ఇక రెండు సందేహాలు. సిలిండర్ నట్టు దగ్గర గాస్కెట్ (పొగ కారకుండా వేసే రింగ్) బదులు సీలెంట్ పేస్టు చాలా? తమ్ముడు సైలెన్సర్ లోపలుండే రంధ్రాల పైపు తీసేద్దాం, సౌండ్ బాగుంటుందంటున్నాడు. తీయొచ్చా?

డెక్కన్_టూస్ట్రోక్:
సీలెంట్ ఒక్కటే చాలదు. సిలిండర్ మూతి దగ్గరి వేడికి మామూలు సీలెంట్ మాడి రాలిపోతుంది. రింగ్ గాస్కెట్ కొత్తది వేయండి. అచ్చమైన రాగి రింగ్ అయితే ఎర్రగా కాల్చి చల్లార్చండి, మెత్తబడి అంచుకి బాగా అతుక్కుంటుంది. పాత గాస్కెట్ ముక్కలూ బొగ్గూ లోపలి అంచున మిగలకుండా గీకాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. బిగించాక నట్టు కింద నల్లటి జిడ్డు చార దిగితే లీకు ఉన్నట్టే.

విశాఖ_రైడర్:
లోపలి పైపు తీయొద్దని తమ్ముడికి నా మాటగా చెప్పండి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ శబ్దం తగ్గించడానికే కాదు. పైపు లోపల వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అలలు, సిలిండర్‌లో పొగ బయటికి పోయే రంధ్రం (పోర్టు) మూసుకునేలోగా తాజా పెట్రోల్-గాలి మిశ్రమం బయటికి పారిపోకుండా ఆపుతాయి. లోపలి పైపు తీస్తే ఆ లెక్క చెడుతుంది. శబ్దం పెరుగుతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. మోటారు వాహనాల చట్టం 190(2) కింద కేసు కూడా పడొచ్చు. మా ఊళ్లో పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించేశారు.

అసలు యెజ్డీ చప్పుడు అందం ఒకే సిలిండర్‌కి ఉన్న ఆ రెండు పైపుల్లోంచి వచ్చే గుడుగుడు. దాన్ని అలాగే ఉండనివ్వాలని నా గట్టి అభిప్రాయం.

మైసూరు_తెలుగబ్బాయి:
నేను కొంచెం వేరేగా చెప్తాను. రేకు గట్టిగా ఉండి క్రోమ్ మాత్రమే పోయి ఉంటే పాత పైపులనే మళ్లీ క్రోమ్ చేయించడం మేలు. ఆ వంపు ఏ రెప్లికాకీ రాదు. బండి లాగడం లేదని సైలెన్సర్ మార్చేవాళ్లు ముందు లోపలి పైపు బయటికి లాగి చూడండి, ఆయిల్ మసి గట్టిపడి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే ఊడొస్తుంది. సోడాని నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, తినేస్తుంది.

బెజవాడ_జావా:
మసి సంగతి నిజమే. గుంటూరు అన్న బండికి మాత్రం అడుగే చిల్లులు పడింది కాబట్టి కొత్తవే కరెక్ట్.

స్టార్ట్ చేసే ముందు పైపుల మీది వేలిముద్రలు, గ్రీజు మెత్తని గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. వేడెక్కితే ఆ మరకలు క్రోమ్‌లో ఉండిపోతాయి. కిక్ పూర్తిగా కిందికి తొక్కి చూడండి, సెంటర్ స్టాండ్ ఎత్తి దించి చూడండి, ఎక్కడా పైపుకి తగలకూడదు. పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారాక నట్లు మరోసారి బిగించండి. మొదటిసారి వేడికి గాస్కెట్ కుదించుకుంటుంది, కచ్చితంగా కొంచెం తిరుగుతాయి. కొంత దూరం తిరిగాక స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూడండి. పాత సైలెన్సర్లు చిల్లులతో ఉన్నప్పుడు కార్బురేటర్ ఎవరైనా కదిలించి ఉంటే ఇప్పుడు మళ్లీ సరిచేయాల్సి రావచ్చు. ప్లగ్గు గోధుమ రంగులో ఉంటే కార్బురేటర్ ముట్టుకోవద్దు. తెల్లగా ఉంటే మాత్రం వెంటనే చూపించండి, అలా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.