మూడు దేశాల్లో టీములు, ఒక్క మీటింగూ కుదరదు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

గచ్చిబౌలి_గుడ్లగూబ: మాది చిన్న కంపెనీ. హైదరాబాద్, డబ్లిన్, షికాగోల్లో టీములు. మీటింగులు ఎప్పుడు పెట్టాలి, సెలవులు ఎలా సర్దుకోవాలి, అర్జెంటైతే ఎవరి మాట చెల్లాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సగంనిద్ర: మార్చి వస్తే నాకు దడ. అమెరికా వాళ్లు రెండో ఆదివారమే గడియారం గంట ముందుకు తిప్పేస్తారు, యూరప్ వాళ్లు నెలాఖరు ఆదివారం దాకా ఆగుతారు. నిరుడు సాయంత్రం ఏడున్నరకి నేను లాగిన్ అయ్యేసరికి, అమెరికా టైమ్‌కి పెట్టిన మీటింగ్ ఆరున్నరకే మొదలై ముగిసింది. డబ్లిన్ వాళ్లకి లంచ్‌లో పడిందట, వాళ్లూ రాలేదు.

పాతకాపు: ఇంత గోలెందుకు? అన్నీ ఐఎస్‌టీలో రాయండి. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నదదే.

డబ్లిన్_చలి: సార్, వేసవిలో ఇక్కడ ఐఎస్‌టీ అంటే ఐరిష్ టైమ్. మీకూ మాకూ నాలుగున్నర గంటల తేడా.

పాతకాపు: ఇండియా వాడు రాస్తే ఇండియా టైమే. ఆమాత్రం తెలీదా?

సగంనిద్ర: ఇజ్రాయెల్ వాళ్లదీ ఐఎస్‌టీయే. పద్దెనిమిదేళ్లలో అది తగల్లేదా మీకు? ఊరి పేరు రాస్తే సరిపోతుంది, మిగతాది క్యాలెండర్ చూసుకుంటుంది.

పాతకాపు: నువ్వు పుట్టకముందు నుంచీ మీటింగులు పెడుతున్నా.

సగంనిద్ర: నాకు 34 ఏళ్లు సార్. లెక్క మీరే చూసుకోండి.

రాత్రి_పదకొండు: ఎవరి టైమ్‌లో రాసినా మేలుకునేది మనమే కదా! నెలకొకరు వంతులేసుకుందామని అడిగితే మా మేనేజర్ నవ్వాడు. పిల్లని నిద్రపుచ్చుతూ, మ్యూట్ తీస్తూ వేస్తూ స్టేటస్ చెప్పడం ఆయనకేం తెలుసు?

భీమవరం_రొయ్య: మీ గడియారాలు బాగానే ఉన్నాయి గానీ, మా రొయ్యల సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక మా యూరప్ కంటైనర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగెళ్లాయి. ఆలస్యం సంగతి బయ్యర్‌కి ఎవరు చెప్పాలని మా ఆఫీసూ ఏజెంటూ వారం కొట్టుకున్నారు. ఈలోపు బయ్యరే ట్రాకింగ్ చూసుకుని ఫోన్ చేశాడు. నోట మాట రాలేదు. ఇప్పుడు ఓడ ఎక్కడుందో ముందు తెలిసినవాడే చెప్పేయాలి, మా రూలదే.

రియాద్_రాజు: సెలవులంటే మావి చూడండి. దుబాయ్ ఆఫీసు 2022 నుంచి శని, ఆదివారాలకి మారింది, సౌదీలో శుక్ర, శనివారాలే. అందరూ కలిసి దొరికేది సోమవారం నుంచి గురువారం దాకానే. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒక పండగ.

పాతకాపు: అందుకే ఐఎస్‌టీ అన్నా.

గచ్చిబౌలి_గుడ్లగూబ: బాబూ, మీ ఐఎస్‌టీ వదిలేయండి. రొయ్యల అన్న తప్ప నా మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

కైకలూరు_చెరువు: భీమవరం అన్నా, 30 కౌంట్, అదే కిలోకి 30 తూగే రొయ్య, రేటు ఎంత నడుస్తోంది అక్కడ?