మా పాపను అంత బాగా చూసుకున్న రెస్టారెంట్‌వాళ్లకు కృతజ్ఞత ఎలా చెప్పాలి?

మా పాపకు పన్నెండేళ్లు. లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) కీమోథెరపీ అయ్యి ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. న్యూట్రోఫిల్స్ (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా తక్కువగా ఉన్నన్నాళ్లూ ఇన్‌ఫెక్షన్ భయంతో బయటి తిండి పెట్టలేదు. ఈమధ్య కౌంట్ పెరిగాక, అప్పటికప్పుడు వండిన వేడి పదార్థాలైతే పర్వాలేదన్నారు డాక్టరుగారు. పాప అడిగింది ఒకే ఒక్క రెస్టారెంట్, జబ్బుకు ముందు తరచూ వెళ్లేవాళ్లం.

ముందే ఫోన్ చేసి సంగతి చెప్పాను. రద్దీ లేని వేళ రమ్మన్నారు. పచ్చి ముక్కలేవీ వేయకుండా, విడిగా కడిగిపెట్టిన గిన్నెల్లో వండారు. నోటిపూత ఇంకా తగ్గలేదని కారం కూడా వేయలేదు. వంటాయన స్వయంగా వచ్చి "మెత్తగా ఉందా తల్లీ?" అని అడిగారు. జుట్టు లేని తలకేసి ఎవరూ వింతగా చూడలేదు. నాకన్నిటికంటే అదే పెద్ద విషయం. బిల్లు మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు.

పాప ఫొటోతో నెట్‌లో పెట్టడం నాకిష్టం లేదు. యజమానికి ఉత్తరం రాస్తే ఆ మెప్పు వంటాయనకీ, వడ్డించిన అబ్బాయికీ చేరుతుందా? విడిగా డబ్బులిస్తే నొచ్చుకుంటారా? హోటళ్లలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మీకైతే ఏది సంతోషంగా అనిపిస్తుంది?