చోక్ తీస్తే ఆగిపోతున్న పాత బైక్: కార్బొరేటర్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: చాలాకాలం వాడకుండా ఉంచిన పాత ఫోర్ స్ట్రోక్ బైక్. సింగిల్ సిలిండర్. చోక్ వేస్తే వెంటనే స్టార్టవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఫుల్ రేస్‌లో మాత్రం బాగానే లాగుతోంది. మెయిన్ జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రమున్న ఇత్తడి ముక్క) పెద్దది వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దండీ, మెయిన్ జెట్ జోలికి పోకండి. అది పని చేసేది యాక్సిలరేటర్ దాదాపు ముప్పావు వంతు తిప్పాక. అక్కడ బండి బాగా లాగుతోందంటే ఆ జెట్ సరిగ్గానే ఉన్నట్టు. ఐడ్లింగ్, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ నడవడం, చూసుకునేది పైలట్ జెట్ అనే చిన్న జెట్. చోక్ గాలిని తగ్గించి మిక్చర్‌ని (పెట్రోల్, గాలి మిశ్రమాన్ని) చిక్కగా చేస్తుంది. చోక్ ఉంటేనే ఇంజిన్ నిలబడుతోందంటే అయితే పెట్రోల్ తక్కువగా అందుతోంది, లేదంటే గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా దూరుతోంది.

ముందు గాలి సంగతి తేల్చుకోండి, దానికి ఏదీ విప్పక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు మీద, జాయింట్ల మీద సబ్బునీళ్లు స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారితే లీకు అక్కడే. పాత రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. ఈ పరీక్షకి పెట్రోల్ మాత్రం వాడొద్దు, అంటుకుంటుంది. అలాగే ట్యాంక్ నుంచి వచ్చే పైపు ఊడదీసి పెట్రోల్ ధార ఆగకుండా వస్తోందా చూడండి. ట్యాంక్ మూత మీద గాలి రంధ్రం పూడినా పెట్రోల్ దిగదు.

ప్రశ్న: రబ్బరు బాగానే ఉంది, పెట్రోల్ కూడా వస్తోంది. స్పార్క్ ప్లగ్ కొన తెల్లగా ఉంది. ఇక విప్పాల్సిందేనా?

జవాబు: విప్పండి. ప్లగ్ తెల్లబడిందంటే పెట్రోల్ తక్కువ పడుతోందనే అర్థం, మసి పట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. విప్పే ముందు ఫోటోలు తీసుకోండి. మిక్చర్ స్క్రూని (ఐడ్లింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) మెల్లగా లోపలికి బిగిస్తూ అది ఆగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని, అప్పుడు బయటికి తీయండి. యాక్సిలరేటర్‌తో పాటు లేచే పొడవాటి సూది (నీడిల్) మీది క్లిప్ ఎన్నో గాడిలో ఉందో కూడా రాసుకోండి. జపాన్ కార్బొరేటర్ అయితే స్క్రూల తలలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి అరిగిపోతాయి, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం వాడండి.

పైలట్ జెట్ తీసి వెలుతురుకి ఎత్తి చూడండి. గుండ్రంగా, స్పష్టంగా వెలుగు కనిపించకపోతే దోషం దొరికినట్టే. పెట్రోల్ ఎండిపోయి జిగురులా పట్టేస్తుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, అప్పటికీ పోకపోతే సన్నటి నైలాన్ దారం వాడండి. ఇనుప తీగ పెట్టొద్దు, ఇత్తడి జెట్ మెత్తనిది, రంధ్రం పెద్దదైపోతే మళ్ళీ సరిచేయలేం. జెట్ ఒక్కటే కాదు, బాడీలో ఐడ్లింగ్ దారులన్నీ గాలితో ఊదాలి. అంతకుముందే ఫ్లోట్ (లోపలి పెట్రోల్ మట్టంతో పాటు తేలే భాగం), రబ్బరు ఓరింగులు తీసేయండి. రిపేర్ కిట్‌లో వచ్చిన కొత్త జెట్లు కొలత తేడాగా ఉండొచ్చు. పాత జెట్ శుభ్రమై, దెబ్బ తినకుండా ఉంటే దాన్నే వేయండి. గాస్కెట్లు, ఓరింగులు కొత్తవి చాలు.

ప్రశ్న: మీరన్నట్టే పైలట్ జెట్ పూర్తిగా పూడిపోయి ఉంది. ఇప్పుడు చోక్ లేకుండా నిలబడుతోంది, చాలా థ్యాంక్సండీ! కానీ బండి ఆపి ఉంచితే ఓవర్‌ఫ్లో ట్యూబ్ నుంచి పెట్రోల్ కారుతోంది.

మరో సభ్యుడి జవాబు: ఫ్లోట్ నీడిల్ (ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోల్‌ని ఆపే సూది) చూడండి అన్నా. కొన మీద రింగులా గీత పడి ఉంటే మార్చాలి. అది కూర్చునే చోట నలక ఉన్నా కారుతుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూడు, లోపల పెట్రోల్ చప్పుడైతే అది చిల్లుపడి మునిగిపోతోందని లెక్క. ఇవన్నీ బాగుంటే ఫ్లోట్ ఎత్తు కొలవండి. కార్బొరేటర్‌ని వాలుగా పట్టుకుంటే, ఫ్లోట్ నాలుక నీడిల్ స్ప్రింగ్‌ని నొక్కకుండా ఊరికే తగిలి ఉండాలి. ఆ స్థితిలో కొలిచి, బండి మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకి సరిపెట్టండి. స్ప్రింగ్ నొక్కుకుపోతే కొలత తప్పుతుంది.

మొదటి జవాబిచ్చిన సభ్యుడు: ఇంకొకటి. ఇంజిన్ బాగా వేడెక్కాకే ట్యూనింగ్ చేయండి. మిక్చర్ స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే, బయటికి తిప్పేకొద్దీ పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి పెరుగుతుంది, అంటే ఫలితం పూర్తిగా తిరగబడుతుంది. మీ దాంట్లో ఎటు ఉందో ముందు చూసుకోండి.