శాలువాలు ఆపేసి ఆ డబ్బుతో కథల వర్క్‌షాప్ పెడదామా? మీరేమంటారు

ఏటిగట్టు:
అందరికీ నమస్కారమండి. మొన్న మన రచయితల సంఘం వార్షిక సభ లెక్కలు రాస్తా కూర్చున్నాను, కూడాక కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. 22 మందికి సన్మానం చేశాం. శాలువా 300, మెమెంటో 550, దండ 80, మనిషికి 930, మొత్తం 20,460. భోజనాలు 120 మందికి 160 చొప్పున 19,200. హాలు 8,000, మైకూ ఫ్లెక్సీలూ కలిపి 6,500. వెరసి 54,160 రూపాయలు. ఆ రోజు ఆవిష్కరించిన మూడు పుస్తకాలూ కలిపి అమ్ముడుపోయింది 11 కాపీలు, అందులో రెండు నేనే కొన్నాను. పొద్దున్న పదింటికి మొదలెట్టి సాయంత్రం దాకా నడిపాం కదా, కథ గురించి ఎవరన్నా మాట్లాడారా అంటే, సాంబారు కోసం లైన్లో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడుకున్నారు, అంతే.

వచ్చే ఏడు సన్మానాలు వద్దు. రావులపాలెంలోనో తణుకులోనో రెండ్రోజుల కథల వర్క్‌షాప్ పెడదాం, ఇటు కోనసీమ వాళ్ళకీ అటు పశ్చిమ వాళ్ళకీ మధ్యలో ఉంటది. పాతిక మంది, ఫీజు 500. తిట్టేవాళ్ళు తిట్టండి, కాకపోతే కారణం చెప్పి తిట్టండి.

కొబ్బరితోట:
ఏం చేసినా సరేగానీ భోజనాల్లో పనసపొట్టు కూర మాత్రం ఆపకండి, ఆయ్.

పాత మాస్టారు:
బాబూ, తిట్టనుగానీ ఒకటి అడుగుతాను. ఆ 22 మందిలో మా ఊరాయన ఒకరున్నారు, నలభై ఏళ్ళ నుంచి పద్యాలు రాస్తున్నారు. ఇంట్లో ఎవరూ వినరు. ఆయన పద్యం ఎత్తుకోగానే మనవడు టీవీ సౌండు పెంచుతాడు. ఆ రోజు శాలువా కప్పుతుంటే కోడలు ముందు వరసలోకి వచ్చి ఫోటో తీసింది, అది ఇప్పుడు హాల్లో ఫ్రేము కట్టి ఉంది. 930 రూపాయలు ఎక్కువైపోయిందా మనకి?

రెండోది, రాయడం ఒకరు నేర్పితే వచ్చేదా? పాలగుమ్మి పద్మరాజు గారు మన పశ్చిమ గోదావరి తిరుపతిపురం మనిషి. సైన్సు లెక్చరరు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళు పెట్టిన ప్రపంచ కథల పోటీలో ఆయన గాలివానకి రెండో బహుమతి వచ్చింది. ఆయన ఏ వర్క్‌షాప్‌లో కూర్చున్నాడు చెప్పండి. మండపాక కవి తిలక్‌కి ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు?

హైదరాబాద్‌లో గోదారోడు:
మాస్టారూ ఈ మాట ప్రతి సభలోనూ వింటున్నాను. వాళ్ళ రోజుల్లో పత్రికలుండేవండి. కథ పంపితే ఎడిటర్ చదివేవాడు, నచ్చకపోతే తిప్పి పంపేవాడు, మళ్ళీ రాస్తే మళ్ళీ తిప్పేవాడు, ఆ తిప్పుడే వాళ్ళకి బడి. 2020లో కరోనా దెబ్బకి వారపత్రికలు ఒక్కోటీ అచ్చు ఆపేశాక ఇంక తిప్పి పంపేవాడు ఎక్కడున్నాడు? రాత్రి పదింటికి ఫేస్‌బుక్‌లో కథ పెడితే పదీ ఐదుకి "అద్భుతం సార్", పదీ పదికి దండాల బొమ్మలు. నేను మొన్న ఓ కథ పెడితే అందులో మూడో పేరాలో చచ్చిపోయిన తాతగారు ఏడో పేరాలో కాఫీ తాగాడు, 140 లైకులొచ్చాయి, ఒక్కడూ చూళ్ళేదు.

నేను ఇక్కడ సిటీలో రెండు వర్క్‌షాపులకి వెళ్ళాను. ఒకటి దండగ. రెండోదాంట్లో మాత్రం ఒకావిడ నా మొదటి పేజీ మొత్తం తీసేసి రెండో పేజీ నుంచి చదివింది, కథ అక్కడే మొదలైందని నాకే తెలిసిపోయింది. ఆ ఒక్కదానికి కట్టిన డబ్బు గిట్టింది.

పాత మాస్టారు:
వర్క్‌షాప్ అనే మాట కొత్తగానీ పని పాతదేనండి. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వారు, యండగండిలో పుట్టిన దివాకర్ల వారు, తిరుపతి వెంకట కవులుగా ఊరూరా అవధానాలు చేశారు. సమస్య ఇచ్చి పూరించమనడం, నాలుగు సంబంధం లేని మాటలిచ్చి పద్యం కట్టమనడం, ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడడం, మీరు ఎక్సర్‌సైజులని పేరుపెట్టి 500 తీసుకునేవి ఇవేగా?

హైదరాబాద్‌లో గోదారోడు:
బాగా చెప్పారు, కానీ అవధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుడు ఇరికిస్తాడు తప్ప దిద్దడు కదండి. పద్యం పూర్తవగానే జనం భేష్ అంటారు, అయిపోయింది. చెళ్ళపిళ్ళ వారు దిద్దింది బందరు హైస్కూల్లో పాఠం చెప్పినప్పుడు. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయన దగ్గర చదువుకున్నవారేగా. మీ ఉదాహరణ నా వైపే వస్తోంది మాస్టారూ, ఏమనుకోకండి.

చెరువు కాపలా:
అన్నా నేను మాట్లాడొచ్చా, నాది భీమవరం అవతల, రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా, రాసేదంతా ఫోన్లోనే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతా ఉంటే నిద్ర రాకుండా ఉంటదని మొదలెట్టాను. పోయినేడు ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాను, ఎక్కడ ఎవరు అనేది చెప్పను, ఫీజు కట్టి రెండ్రోజుల జీతం వదులుకుని వెళ్ళాను. నా కథలో ఏముంటదంటే రాత్రి మూడింటికి కరెంటు పోద్ది, జనరేటర్ స్టార్టవదు, మావాడు నీళ్ళ మీద టార్చి వేసి "రొయ్య తేలిందిరా" అంటాడు. నేర్పే సారు ఆ మాట కొట్టేసి పైన ఎర్ర పెన్నుతో "రొయ్యలు మరణించాయి" అని రాశారు.

చావలేదు కదా సార్, తేలింది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య పైకొచ్చేసి గట్టు వెంబడి తిరుగుద్ది, చావడానికి ఇంకా కొంచెం టైముంటది, ఆ కొంచెం టైమే నా కథ. ఆక్సిజన్ బిళ్ళలు జల్లడం, పక్క చెరువాయన్ని జనరేటర్ అడగడానికి పరిగెత్తడం, ఆయనకీ మాకూ గట్టు తగాదా ఉంది అడగాలా వద్దా అని మధ్యలో ఆగిపోవడం, మొత్తం అందులోనే ఉంది. మరణించాయి అని రాస్తే ఇంక పరిగెత్తడం దేనికి. చెప్దామని లేచాను, లంచ్ టైమైంది కూర్చో అన్నారు. సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు, గ్రూప్ ఫోటో దిగాం. సర్టిఫికెట్ లామినేషన్ చేయించాను అనుకోండి, అది వేరే సంగతి.

పాత మాస్టారు:
చూశారా. ఇదే నేను మొదట్నుంచీ మొత్తుకునేది. మన కుర్రాడి నోట్లో మాట పీకి పుస్తకం మాట పెట్టడానికి మనం 500 వసూలు చేసి పెద్దవాళ్ళని పిలవాలా? పొలమూరు శ్రీపాద వారి కథల్లో ఇళ్ళల్లో మాట్లాడుకునే మాట ఇళ్ళల్లో మాట్లాడుకున్నట్టే ఉంటుంది, అందుకే నూరేళ్ళ తర్వాత కూడా గడగడా చదివిస్తుంది.

అట్లతద్ది:
మాస్టారూ ఒక్క నిమిషం. ఆ సారు తప్పే, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, ఆయన తేలింది అంటే చచ్చింది అనుకున్నాడంటే రేపు నీ కథ చదివే విజయనగరం ఆవిడా అనంతపురం ఆయనా కూడా అలాగే అనుకుంటారు కదా. నాది అమలాపురం పక్క, మాకు కొబ్బరి తప్ప చెరువుల గొడవ తెలీదు, నేనూ చచ్చిందనే అనుకున్నాను నువ్వు చెప్పేదాకా. ఆ మాట కొట్టెయ్యకూడదు, కొట్టెయ్యకుండా నాలాంటిదానికి ఎలా తెలియాలి అనేది చూసుకోవాలి. ఆ రోజు గదిలో నాలాంటి వాళ్ళు నలుగురుండి "తేలడమంటే ఏంటి" అని అడిగే టైము ఇచ్చుంటే నీకు అక్కడే దొరికేది.

చెరువు కాపలా:
అవునక్కా. అయితే కథ మొదట్లో ఇంకో రాత్రి పెడతాను, రొయ్య తేలుద్ది, ఏరేటర్ వేస్తారు, తెల్లారేసరికి దిగిపోద్ది. అప్పుడు రెండోసారి తేలింది అనగానే చదివేవాళ్ళకి టైము మొదలైందని తెలిసిపోద్ది. వివరం ఏం రాయక్కర్లేదు.

హైదరాబాద్‌లో గోదారోడు:
ఇదిగో వర్క్‌షాప్ జరిగిపోయింది, ఎవరికీ శాలువా లేదు, ఫీజూ లేదు.

అట్లతద్ది:
నవ్వులాట తర్వాత. ఏటిగట్టు గారూ, రెండ్రోజులు అన్నారు, అంటే శనివారం రాత్రి అక్కడే పడుకోవాలి. పోయినసారి పక్క జిల్లాలో ఇలాగే పెట్టారు, ఆడవాళ్ళు ఎనిమిది మంది పేర్లిస్తే వచ్చింది ఇద్దరు, ఆ ఇద్దరూ టీచర్లే, ఆ ఊళ్ళోనే ఉంటారు. "కథలు రాసుకోడానికి రాత్రి ఉండాలా" అని ఇంట్లో అడిగితే ఏం చెప్తాం? నాకు మా అత్తగారితో గొడవ లేదు, ఆవిడే నా మొదటి పాఠకురాలు, అయినా రాత్రి అనేసరికి మాట మారిపోద్ది. పదింటికి మొదలెట్టి నాలుగింటికి వదిలెయ్యండి, చీకటి పడకుండా ఇంటికొస్తాం. రెండ్రోజులు కట్టగట్టకండి, నాలుగు ఆదివారాలు పెట్టండి. మధ్యలో వారం ఉంటే కథ మళ్ళీ రాసుకుని తీసుకురావచ్చు కూడా.

ఇంకోటి, జులై ఆగస్టుల్లో వద్దు. ఊడ్పులు, పైగా గోదారికి ఎర్రనీరు తగిలిందంటే లంకల్లోంచి పంట్లు ఆపేస్తారు. కార్తీకంలో వనభోజనాలు, మాఘంలో పెళ్ళిళ్ళు, ఒక్క హాలు దొరకదు. ధనుర్మాసం చూడండి. ముహూర్తాలుండవు, హాళ్ళు ఖాళీ, సార్వా కోతలు చాలావరకు అయిపోతాయి. సంక్రాంతి దాటితే మగాళ్ళంతా పందేల లెక్కల్లో ఉంటారు.

ఇంటిపేరు అడక్కండి:
నాలుగు రోజులుగా చదువుతున్నా, ఎవరూ అనలేదు గనక నేనే అంటాను. ఆ 22 మంది ఇంటిపేర్లూ ఒకసారి వరసగా పైకి చదవండి. చదివారా? మామిడికుదురు బోయి భీమన్న, రాజమండ్రి కుసుమ ధర్మన్న, ఇద్దరూ దళిత కవులు, ఈ మట్టిలో వాళ్ళే, వాళ్ళ పేర్లు ఏప్రిల్ 14కి తప్ప మీ మైకులో వినపడవు. సభ పోయి వర్క్‌షాప్ వచ్చినా ఆ పాతిక మందిని ఎంచేది కమిటీలో ఉన్న ఆ ఐదుగురేగా. ఫ్లెక్సీ మారుద్ది అంతే.

ఏటిగట్టు:
చదివాను. మీరన్నది నిజమే, లిస్టు నేనే టైప్ చేశాను, అప్పుడు కనపళ్ళేదు. ఏం చేద్దామో చెప్పండి.

ఇంటిపేరు అడక్కండి:
పేర్లు తీసేసి కథలు పంపమనండి. ఎంచేవాళ్ళలో సగం మంది కమిటీ బయటి వాళ్ళు ఉండాలి. ఫీజు కట్టలేనోళ్ళ దగ్గర తీసుకోకండి, అది స్టేజీ ఎక్కి చెప్పకండి కూడా.

పాత మాస్టారు:
పేరు తీసినా యాసలో తెలిసిపోతుంది నాయనా, ఏ పేట, ఏ వీధి అనేది.

ఇంటిపేరు అడక్కండి:
తెలియనివ్వండి మాస్టారూ. తెలిశాక మీరేం చేస్తారో అది మాకూ తెలుస్తుంది.

కొబ్బరితోట:
ఫీజు మాటకొస్తే ఒకటి. ఫ్రీ అని పెడితే అరవై పేర్లొస్తాయి, ఆదివారం పొద్దున్న లెక్కపెడితే పద్దెనిమిది మంది ఉంటారు, వండింది కాలవలో పారబొయ్యాలి. వందో రెండొందలో పెట్టండి, నాలుగు ఆదివారాలూ వస్తే తిరిగిచ్చెయ్యండి. మా యువజన సంఘంలో వాలీబాల్ కోచింగ్‌కి ఇలాగే చేశాం, ఒక్కడు మానలేదు.

పాత మాస్టారు:
నేను మాట మార్చుకోవడం లేదు, శాలువా ఉండాల్సిందే అంటున్నాను. కానీ ఆ రొయ్య సంగతి రాత్రి మళ్ళీ చదివాను. నా దగ్గర ఒక కథ ఉంది, 1990 మే తుఫాను రాత్రి మా వీధిలో జరిగింది, ముప్పై ఏళ్ళు దాటింది రాసి. రెండు చోట్ల సన్మానం చేశారుగానీ ఆ కథ బాగుందో లేదో ఇంతవరకు ఎవరూ అనలేదు. చేతిరాత, జెరాక్స్ తీయించి పంపుతాను. నా పేరు కూడా తీసేస్తారా?

ఇంటిపేరు అడక్కండి:
తీసేస్తాం మాస్టారూ. యాసలో తెలిసిపోతారనుకోండి.

ఏటిగట్టు:
సరే ఇప్పటిదాకా అనుకున్నది. ధనుర్మాసం నాలుగు ఆదివారాలు, పది నుంచి నాలుగు, రావులపాలెం, బస్టాండుకి నడిచి వెళ్ళే దూరంలో హాలు. పదిహేను మందే, పాతిక వద్దు, ఒక్కో కథకి ముప్పావుగంట ఇచ్చి, తిరగరాసింది మళ్ళీ చదవాలంటే పాతిక కుదరదు. 200 కట్టాలి, నాలుగు వారాలూ వస్తే వాపసు. పేర్లు లేకుండా కథలు. దిద్దేవాళ్ళు పెన్సిల్ తెచ్చుకోవాలి, ఎర్ర పెన్ను గుమ్మం బయటే. సన్మానాలు లేవు.

కోశాధికారి:
అందరూ బాగానే మాట్లాడారు, ఇప్పుడు నేను. ఆ 54,160లో 40,000 ఇచ్చింది ఎవరనుకుంటున్నారు, రైస్ మిల్లు ఆయన. ఆయన కథలు చదవడు, చదివానని అబద్ధం కూడా చెప్పడు, అందుకే నాకు ఇష్టం. ఏటా వేదిక మీద పది నిమిషాలు కూర్చుంటాడు, శాలువా కప్పించుకుని మిల్లుకి వెళ్ళిపోతాడు. ఇప్పుడు నేను వెళ్ళి "అయ్యా ఈ ఏడు స్టేజీ లేదు, పదిహేను మంది గదిలో కూర్చుని ఒకళ్ళ కథలు ఒకళ్ళు దిద్దుకుంటారు, డబ్బివ్వండి" అంటే ఏమంటాడో మీరే ఊహించుకోండి. నాలుగు ఆదివారాలకి హాలు అద్దె, టీలు, భోజనాలు, జెరాక్సులు, ఎంత పొదుపు చేసినా పాతిక వేలకి తగ్గదు. పదిహేను ఇంటూ రెండొందలు మూడు వేలు, అదీ వాపసు ఇస్తానంటున్నారు. మిగతాది ఎవరు పెడతారు, చెయ్యెత్తండి.

(రెండు రోజులైంది. ఎవరూ చెయ్యెత్తలేదు.)

ఏటిగట్టు:
సరేనండి. ఆఖరి ఆదివారం నాలుగింటికి ఒకే ఒక్క శాలువా, మిల్లు ఆయనకి. దండ లేదు.

కోశాధికారి:
దండ లేకుండా ఆయన ఫోటో దిగడు.